లేని నంబర్లు ముప్పై ఒకటి

మా బస్సుల కంపెనీలో ఆవిడని అందరూ గొడుగులక్క అనేవాళ్లు. బస్సుల్లో జనం మరిచిపోయిన సామానంతా ఆవిడ గదికే చేరేది, అందులో సగం గొడుగులే. వాన వెలిసిన రోజు మరిచిపోయి, మళ్లీ వాన పడిన రోజు వెతుక్కుంటూ వస్తారని ఇరవై ఆరేళ్ల అనుభవంతో చెప్పేది. టిఫిన్ డబ్బాలు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఒకసారి ఏకంగా కట్టుడు పళ్లు. అన్నిటికీ దారంతో కట్టిన చీటీ, చీటీ మీద నంబరు ఉండేవి.

ఎవరైనా వచ్చి గొడుగు పోయిందంటే అక్క కుర్చీలోంచి లేచేది కాదు.

"గుర్తులు చెప్పండి."

"నల్లదండీ."

"ఇక్కడ అన్నీ నల్లవే. పిడి ఎలా ఉంటుంది? ఏ బస్సు? ఏ రోజు, ఏ పూట?"

అన్నీ సరిపోతేగాని వస్తువు చేతికొచ్చేది కాదు. మేనేజరుగారి కళ్లజోడు దొరికినప్పుడు కూడా ఆయన చేత ఫ్రేము రంగు చెప్పించాకే ఇచ్చిందని డ్రైవర్లు పడీ పడీ నవ్వుకునేవాళ్లు. రిజిస్టర్లో ఒక వరస పాడైతే అడ్డంగా గీత కొట్టి, 'రద్దు' అని రాసి, పక్కన సంతకం చేసేది. అన్నేళ్లలో ఒక్క నంబరు గల్లంతు కాలేదు.

ఆ రిజిస్టరు మూయించి కంప్యూటరు పెట్టించినవాణ్ణి నేను. అదే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను.

"నంబరు నేనే వెయ్యాలా తమ్ముడూ?" అని అడిగింది మొదటిరోజు.

"అక్కర్లేదక్కా. డేటాబేసే వరసగా వేసుకుంటుంది."

"మధ్యలో ఏదైనా తప్పిపోతే?"

"తప్పదక్కా."

అది అబద్ధం. నంబర్లిచ్చే సీక్వెన్స్ అనేది టోకెన్ల చుట్టలాంటిది. ఒకటి చింపి ఇచ్చాక అది మళ్లీ చుట్టకు అతుక్కోదు. వివరాలు సేవ్ అవుతుండగా నెట్‌వర్కు లైను తెగితే వివరాలు నమోదు కావు, నంబరు మాత్రం ఖర్చయిపోతుంది. తరవాతి వస్తువుకు ఆ పై నంబరు వస్తుంది. ఒకేసారి పది కౌంటర్లు నంబర్లడిగినా ఒకరి కోసం ఒకరు ఆగకుండా ఉండటానికే అలా పెట్టారు. మా పనిలో ఉన్న ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు. ఆవిడకు కూర్చోబెట్టి చెప్పడానికి నాకు బద్ధకమేసింది, అంతే.

అక్క గది గేటు పక్కన, లైను చిట్టచివర. అక్కడ లైను మాటిమాటికీ తెగేది. మూడోవారంలో ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నాలుగు వందల పన్నెండు తరవాత పద్నాలుగు వచ్చింది. పదమూడేదీ?"

"చూస్తాలెండక్కా" అన్నాను. చూడలేదు. చూడటానికేముంది, తెలిసిన సంగతే. చెబితే మొదటిరోజు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఆవిడ మాత్రం ఒక నోటుపుస్తకం పెట్టుకుని, తప్పిపోయిన ప్రతి నంబరూ, తేదీ, వేళ రాసి, ఎదురుగా 'తెర బిగుసుకుపోయింది' అని రాసుకుంటూ వచ్చింది.

అయిదు నెలలకు తనిఖీ అధికారి వచ్చాడు. ఎవరో ప్రయాణికుడి చేతిగడియారం దొరకలేదని ఫిర్యాదు. జాబితా ప్రింటు తీస్తే ముప్పై ఒక్క నంబర్లు లేవు. ఎంట్రీలు చెరిపేసి వస్తువులు దాటించారని ఆయన తేల్చేశాడు. మేనేజరు గదిలోకి అక్కనీ నన్నూ పిలిచారు.

"మీ ప్రోగ్రాములో లోపమేమైనా ఉందా?" అని తనిఖీ అధికారి నన్నడిగాడు.

"లేదు సార్. సరిగ్గానే పనిచేస్తోంది."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదీ నా తెలివి. మిగతా డిపోలన్నిటికీ నా ప్రోగ్రామే పెట్టాలన్న ఫైలు ఆ బల్ల మీదే సంతకం కోసం ఎదురుచూస్తోంది.

అక్క నోటుపుస్తకం ముందుకు చాపింది. ఆయన రెండు పేజీలు తిప్పి, "అంటే నంబర్లు మాయమైన సంగతి మీకు ముందే తెలుసన్నమాట" అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి గోడ మీది క్యాలెండరు చదువుకున్నాను.

రిటైర్మెంటుకు ఏడు నెలలుండగా ఆవిడను పాత టైర్ల షెడ్డుకు మార్చారు. ఎవరూ మొహాన దొంగ అనలేదు. కానీ క్యాంటీన్లో ఆవిడ వచ్చి కూర్చోగానే ఎదుటి కండక్టరు బల్ల మీది సంచీ తీసి ఒళ్లో పెట్టుకోవడం నేను చూశాను. వారం తిరక్కుండా గడియారం ఇంకో డిపోలో దొరికింది. అయినా ఆ ముప్పై ఒక్క నంబర్ల లెక్క తేలలేదు కదా అన్నారు.

రెండు నెలలు మొహం చాటేసి తిరిగి, ఒక మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. అక్క టైర్లకు సుద్దముక్కతో నంబర్లు వేస్తోంది.

"నన్ను క్షమించండక్కా."

"దేనికి? గుర్తులు చెప్పు" అంది తల తిప్పకుండానే.

సీక్వెన్స్ సంగతి, లైను సంగతి చెప్పాను. అంతా విని, "నాకు చెప్తే ఏం లాభం తమ్ముడూ? నన్ను నేను అనుమానించుకోలేదుగా. నలుగురూ చూసేచోట పెట్టు" అంది.

ఉత్తరం రాసి మేనేజరుకిచ్చాను. "అయిదు నెలల్లో వెళ్లిపోయే మనిషి. ఇప్పుడెందుకయ్యా తవ్వడం?" అని సొరుగులో పడేశాడు. రెండో ప్రతిని తీసుకెళ్లి క్యాంటీన్ బయటి నోటీసు బోర్డుకు నేనే గుచ్చాను. డ్రైవర్లు గుమిగూడారు. అక్క కూడా చేతుల మురికి తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివింది.

'ఆ ముప్పై ఒక్క నంబర్లకు వస్తువులు ఏనాడూ లేవు. లైను తెగినప్పుడు వృథా అయిన నంబర్లవి. ఆమె తప్పేమీ లేదు. ఈ సంగతి ఇటీవల నా పరిశీలనలో తేలింది.'

'ఇటీవల' అన్న చోట వేలు పెట్టింది.

"ఎప్పుడు?"

నేను కాగితానికి గుచ్చిన పిన్ను సర్దబోయాను.

"ఏ రోజు, ఏ పూట?" గొడుగుల వాళ్లను అడిగే గొంతే. పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది.

అందరూ చూస్తుండగా ఆ చివరి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, 'రద్దు' అని రాసి, పక్కన సంతకం పెట్టాను. కింద రాశాను: 'ప్రోగ్రాము పెట్టిన రోజు నుంచీ నాకు తెలుసు. తనిఖీ గదిలో ఆమె పక్కన నిలబడ్డప్పుడూ తెలుసు.'

అక్క చదివి, "ఇప్పుడు సరిపోయింది" అని పెన్ను తీసుకుని లోపలికెళ్లి తన చోట కూర్చుంది. ఎదుటి కండక్టరు లేచి ఆవిడకు మంచినీళ్లు తెచ్చిపెట్టాడు. కాసేపటికి నేను నా డబ్బా పట్టుకుని అదే బల్ల దగ్గరికి వెళ్లాను. అతను నా మొహం చూడకుండానే, బల్ల మీది సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.