మగ్గం చప్పుడు నేర్చుకున్న చెయ్యి

నా డైరీలో ఒక బుధవారం కింద, కోరుట్లలో కామారెడ్డి బస్సెక్కిన సమయం తొమ్మిదీ ఇరవై అని ఉంది. నా పక్కన ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. కూతురి ఒడిలో పది నెలల పాప. భివండిలో మరమగ్గాల పక్క గదిలో పెరగడం వల్ల ఆ చప్పుడు లేనిదే పాప నిద్రపోదని వాళ్ళ మాటల్లో తెలిసింది. శిశు మనోవిజ్ఞానం బోధించే నేను తరగతిలో దీన్ని నిబంధనం, అంటే కండిషనింగ్, అంటాను. కూతురు సిరిసిల్లలో దిగి, మళ్ళీ భివండి పనికి పోవాలి. పాప ఇక వీర్నపల్లిలో, మగ్గం లేని అమ్మమ్మ ఇంట్లో ఉండాలి.

అందుకే కూతురు ఖాళీ టిఫిన్ డబ్బా మీద మగ్గం చప్పుడు వాయిస్తూ తల్లికి నేర్పుతోంది.

"గట్ల కాదే అవ్వా. వడ్లు దంచుతున్నవా? జర జల్ది కొట్టు."

"నా చెయ్యి కరెంటు మీద నడుస్తదా బిడ్డా?"

"నవ్వకు. మొన్న రెండు దినాలు నిద్ర లేక దీనికి జరమొచ్చె."

ముసలామె నవ్వు ఆగిపోయింది. వేములవాడ దాటినా ఆపకుండా కొట్టింది. లయ తప్పినప్పుడల్లా పాప కళ్ళు తెరిచేది; కూతురు తల్లి చేతిని పట్టుకుని సరిచేసేది.

సిరిసిల్లలో బస్సు పదకొండు నిమిషాలు ఆగింది. ఇంజను ఆపేసినా డబ్బా చప్పుడు ఆగలేదు, పాప కదలలేదు. కూతురు పాపను తల్లి ఒడిలో పెట్టి, దిగి, కిటికీ దగ్గరకు వచ్చింది.

"అవ్వా, ఒక్కసారి ఆపవే. కండ్లు తెరిస్తే చూసి పోత."

అమ్మమ్మ తల ఎత్తలేదు.

"లేస్తే నిన్ను పోనిస్తదా బిడ్డా?" అంటూ కొడుతూనే ఉంది.