‘అట్లే సామీ’ అన్న తండ్రి

1964లో పెనుకొండలో ఉపాధ్యాయ శిక్షణకు వచ్చినవాళ్ళకు నేను సైకాలజీ చెప్పేవాణ్ణి. కౌన్సెలింగ్ అనే మాట అప్పట్లో మాకు కొత్త. కష్టంలో ఉన్నవాళ్ళకు నీతులు చెప్పకుండా, ఓపిగ్గా విని, దారి వాళ్ళే వెతుక్కునేలా సాయపడటం. వినడం మన సీమలో ఎవరికి చేతనవుతుంది? ఒకడు నోరు తెరిస్తే నలుగురు తీర్పు చెబుతారు.

ప్రాక్టికల్ పరీక్ష కోసం శిక్షణలో ఉన్నవాళ్ళు హైస్కూలు పిల్లల్లో ఒకరితో కొన్ని వారాలు మాట్లాడాలి. వాళ్ళలో శేఖర్ రెడ్డి అనే అతను తన ఊరి పిల్ల గంగమ్మను ఎంచుకున్నాడు. ఎనిమిదో తరగతి, చురుకైన పిల్ల. ఆమె తండ్రి ఓబులేసు శేఖర్ వాళ్ళ పొలంలోనే జీతగాడు. అందుకే నేను వద్దన్నాను. “మా ఊరి పిల్లే గదా సార్, నా దగ్గర దాచదు” అని పట్టుబట్టాడు. ప్రిన్సిపాల్ సరేనన్నారు.

నిజంగానే దాచలేదు. “నాయన బడి మానిపించి గొర్రెలకాడికి తోల్తానంటాండాడు. ఈ మాట ఎవురికీ చెప్పాకండి సామీ” అని ఏడ్చింది.

శేఖర్ మంచివాడు, అదే నా బాధ. ఆ సాయంత్రమే ఊరికి పోయి, తమ ఇంటి అరుగు మీద కూర్చుని, ఓబులేసును పిలిపించి బిడ్డను చదివించమన్నాడు. మర్నాడు వెలిగిపోయే ముఖంతో నా దగ్గరికి వచ్చాడు.

“ఒప్పుకున్నాడు సార్! ‘అట్లే సామీ’ అన్న్యాడు.”

గంగమ్మ మళ్ళీ బడికి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను ఆ ఊరికి వెళ్ళాను.

“శేఖర్ రెడ్డికి సరే అన్నావంట గదప్పా?” అని ఓబులేసును అడిగాను.

“ఆయప్పకు కాదని యాడ చెప్పేది సార్? మాకు గింజలు ఆ ఇంట్లోంచే గదా. అందరి ముందర నిలబెట్టి అడిగినాడు. నా ఇంటి మాటను నా బిడ్డే ఆ గడపకాడికి మోసింది. సదువు ఇంతకు తెచ్చింది, ఇంక సాలు.”

ఎంత బతిమాలినా అతడు తల ఎత్తలేదు.

పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు శేఖర్ మాటతీరుకు మురిసిపోయాడు. ఫెయిల్ చెయ్యాల్సిందేనని నేను వాదించాను. “పిల్ల బడి మానడం వాళ్ళింటి వ్యవహారమండీ. మనం మార్కులు వేసేది ఇంటర్వ్యూకి” అన్నాడు. శేఖర్ ఫస్టుక్లాసులో పాసయ్యాడు. నేను చెప్పే శాస్త్రం మీద నాకే అసహ్యం పుట్టింది.

కొన్నాళ్ళకు కొండ వాలులో గొర్రెల వెనక గంగమ్మ కనిపించింది. నేను దగ్గరికి వెళ్ళాను. ఆమే అడిగింది.

“ఆయప్ప పాసయినాడా సార్?”

“అయినాడమ్మా.”

“పోనీలెండి. నేనెట్లాగూ పరీక్ష రాయకపోతి, ఆయప్పన్నా పాసయినాడు” అని గొర్రెలను మలుపుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేవాణ్ణి: ఎదుటివాడు ‘అట్లే’ అన్నాడని సంబరపడకండి, కాదనే వీలు అతనికి ఉందో లేదో ముందు చూసుకోండి. అందరూ శ్రద్ధగా రాసుకునేవారు. రాసుకుని, ఊళ్ళకు పోయి, మళ్ళీ ఆ అరుగుల మీదే కూర్చునేవారు.