అచ్చుల గదిలో మా బావ

మా బావకి మనుషుల మొహాలు గుర్తుండవు, ఎముకలు గుర్తుంటాయి. బజారులో ఎవరైనా ఆగి పలకరిస్తే వెర్రిమొహం వేసుకుని చూస్తాడు. వాళ్ళు చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపిస్తే చాలు, కళ్ళు వెలిగిపోతాయి. "ఓహో, మెట్ల మీంచి జారారు కదూ! ఏదీ, పిడికిలి బిగించండి చూద్దాం" అంటాడు. నా పెళ్ళిలో మా మామగారి అన్నగారిని, అంత పెద్దమనిషిని పట్టుకుని "కుడి చీలమండ గారూ" అని పిలిచిన ఘనుడు.

ఎముకల ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోయడానికి చేరి, చూసి చూసి పిండికట్లు వేయడం నేర్చుకున్నాడు. డాక్టరు ఎముక సరిచేసి వెళ్ళిపోతే మిగతాదంతా మా బావదే. పట్టీ చుట్టను గోరువెచ్చని నీళ్ళ బకెట్లో ముంచి, బుడగలు ఆగాక తీసి, మెల్లగా పిండి, దూది పరిచిన చర్మం మీద చుట్టుకుంటూ పోతాడు. కట్టు కోసే రంపం చూసి పిల్లలు కెవ్వుమంటే దాన్ని ముందు తన అరచేతికే ఆనించుకుని "చూశావా, కొయ్యదు" అని నవ్విస్తాడు. మా అక్కని మొదట చూసింది కూడా అక్కడే. మోచెయ్యి విరిగి వెళ్ళింది. కట్టు విప్పే నాటికి పెళ్ళిమాటలు కూడా అయిపోయాయి.

అలాంటి మనిషి, రెండేళ్ళ కిందట అక్కకి ఆపరేషన్ చేసి ఒక రొమ్ము తీసేసినప్పుడు, ఇంట్లో కట్టు మార్చాల్సి వస్తే నాకు ఫోన్ చేశాడు. "నువ్వు రా మరదలా, ఆడవాళ్ళ వ్యవహారం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళోవాళ్ళందరికీ కట్లు కట్టేవాడికి సొంత పెళ్ళాం కట్టు బరువైపోయిందా? నేను సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడే రకాన్ని. అయినా వెళ్ళాను. తలుపు వేసుకుని నేను కట్టు మారుస్తుంటే బావ వాకిట్లో కూర్చుని చెప్పులు సర్దేవాడు. ఉన్నవే నాలుగు జతలు, వాటిని ఎంతసేపని సర్దేవాడో ఆ మహానుభావుడు.

గాయం మానింది. మళ్ళీ రెడీమేడ్ బట్టల కొట్టుకి, తన ఆల్టరేషన్ మిషను దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. మునుపటిలాగే విసుక్కునేది, మునుపటిలాగే జోకులేసేది. కాకపోతే గదికి గడియ పెట్టుకునే బట్టలు మార్చుకునేది. బావ ఆ తలుపు తట్టేవాడు కాదు. ఒకరినొకరు ఇబ్బంది పెట్టకూడదని అనుకుంటున్నారో, ఒకరంటే ఒకరికి భయమో, నాకైతే ఎటూ తేలలేదు. అడుగుదామంటే ఎవరిని ముందు అడగాలో కూడా తెలియలేదు.

ఇలా ఉండగా ఆసుపత్రికి ఒకమ్మాయి వచ్చింది. ఏమీ విరగలేదు. ఆర్టిస్టునని చెప్పి, పిండికట్టు ఎలా వేస్తారో నేర్పమంది. అడగడమే ఆలస్యం, బావ అంతా విప్పి చెప్పాడు. వెంట్రుకలు అంటుకోకుండా చర్మానికి ఏం రాయాలో, ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు అస్సలు కదలకూడదో చెప్పాడు. అంతా చెప్పాక గానీ ఎందుకని అడగలేదు. మనుషుల ఒంటి మీద అచ్చులు తీసి, ఆ గుల్లల్లో మట్టి నింపి, గడ్డీ నాచూ మొలిపిస్తుందట.

ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ భోజనం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద నోట్లోకి పోవడం లేదు.

"ఒంటి అచ్చులో గడ్డి మొలిపించడమేమిటి? పైగా 'నేనెవర్ని' అనేది అందులో తేలుతుందట. మీ అమ్మానాన్నల్ని అడిగితే చెప్తారు కదమ్మా అన్నాను."

"ఏమంది?" అంది అక్క.

"వాళ్ళకీ తెలీదంది."

అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే ఆ అమ్మాయి ఎక్కడ పనిచేసుకుంటుందో, మనిషి ఎలాంటిదో కూపీ లాగింది. మేమిద్దరం ఏదో కాలక్షేపానికి అడుగుతోందనుకున్నాం.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున్న బావ నాకు ఫోన్ చేశాడు.

"ఆ అచ్చుల పిల్ల ప్రదర్శన పెట్టిందట. మీ అక్క రేపు వెళ్దామంటోంది. తను కూడా అచ్చు ఇచ్చిందట మరదలా. పేర్లు రాయలేదట. మీరే పోల్చుకోండి అంటోంది."

"మంచిదేగా బావా."

"ఏం మంచిది? కట్టుకున్నవాడి దగ్గర గడియ పెట్టుకుంటుంది, దారినపోయే వాళ్ళందరికీ చూపిస్తుంది. ఇదేం లెక్క?" ఆ తర్వాత అసలు భయం బయటపెట్టాడు. "నేను పోల్చుకోలేకపోతే?"

"ఏమీ కాదులే" అన్నాను. ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి నన్ను చూసి ఎవరో అనుకుంటే నేనైతే ఆ ఇంట్లో ఉండను.

అదొక పాత గోడౌను. గోడలకి తెల్లరంగు వేశారు. లోపలికి అడుగు పెట్టగానే తడిమట్టి వాసన కొట్టింది. బల్లల మీద, గోడల మీద అచ్చులు. ఒక పొట్ట నిండా నాచు పరుచుకుంది. ఒక మోకాలి గుల్లలోంచి ఆవమొక్కలు తలలెత్తి చూస్తున్నాయి. ఎదురుగోడ మీద పెద్ద అక్షరాలతో 'నా చర్మం దగ్గర నేను ఆగిపోతానా?' అని రాసి ఉంది.

బావ రెండు మూడు సార్లు చదివాడు. "ఆగకపోతే ఎక్కడికి పోతుంది?" అని గొణిగాడు. పక్కనే ఒకాయన అదే చదువుతూ తల పంకిస్తున్నాడు. ఆయనకి అర్థమైందో, మెడ పట్టేసిందో తెలియలేదు.

అక్క గుమ్మం దగ్గరే ఆ అమ్మాయితో మాట్లాడుతూ ఉండిపోయింది. మేం వెతకడం మొదలుపెట్టాం. బావ ముందు పనితనం మీద పడ్డాడు. "ఇక్కడ బుడగ వదిలేసింది, ఇది ఆరకముందే తీసేసింది" అంటూ తిరిగాడు. భయమేస్తే అతను పని గురించే మాట్లాడతాడు. తర్వాత మాటలు తగ్గాయి. చేతుల్ని, కాళ్ళని దాటేసి ఛాతీల దగ్గర మాత్రమే ఆగుతున్నాడు. దాచడమెందుకు, నేనూ అవే చూస్తున్నాను.

గది చివర దొరికింది. ఒకవైపు లోతుగా, ఇంకోవైపు చదునుగా ఉన్న ఛాతీ అచ్చు. చదునుగా ఉన్నవైపు గడ్డి మరీ ఒత్తుగా మొలిచింది. బావ దాని ముందు ఆగిపోయాడు. బల్ల అంచు పట్టుకుని "ఇదే" అన్నాడు. అంత పెద్దమనిషి కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. నాకూ ఏడుపు ఆగలేదు. బతికిపోయాం అనుకున్నాను.

"అది ఎవరో పెద్దావిడ" అంది వెనకనుంచి అక్క. "నేను కాదు."

బావ వెనక్కి తిరిగాడు. అక్కని చూసి, అచ్చుని చూసి, మళ్ళీ అక్కని చూశాడు. "కానీ, ఒకవైపు..."

"ఒకవైపు లేని ఆడది లోకంలో నేనొక్కదాన్నేనా?"

"మరి నువ్వేదీ?"

"దాని ముందునుంచే వచ్చారు. ఆగను కూడా ఆగలేదు."

అక్క చూపించిన వైపు చూశాం. గుమ్మం పక్కన గోడకి వేలాడుతోంది ఒక వీపు. అంతే, మామూలు వీపు. వెన్నెముక పొడుగునా సన్నగా నాచు పాకింది. నాకు బుర్ర పనిచేయలేదు. ఇంత రహస్యం చేసి ఇచ్చింది వీపా?

బావ నోటివెంట కూడా అదే మాట వచ్చింది. "వీపా?"

"రెండేళ్ళుగా మీకు కనిపిస్తోంది అదేగా. అటు తిరిగే పడుకుంటున్నాను. పోనీ దాన్నైనా పోల్చుకుంటారేమో అనుకున్నా." అక్క గొంతు పెంచలేదు. "విరిగినచోటు తప్ప మీకు మనిషి కనపడదు."

"చీకట్లో వీపెలా కనపడుతుందే?" అన్నాడు బావ.

నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఏ మాట ఎప్పుడు అనాలో ఈ మనిషికి ఈ జన్మకి రాదు.

అక్క మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "ఆ రోజు కట్టు మార్చడానికి దీన్నెందుకు పిలిచారు?" అని నన్ను చూపించింది. "అసహ్యమేసిందా?"

బావ తెల్లబోయాడు. ఆ మాట తనకి ఎప్పుడూ తట్టనే లేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"అసహ్యమా? నీ మీదా? ఆసుపత్రిలో మొదటిసారి కట్టు విప్పినప్పుడు నువ్వు మత్తులో ఉన్నావు. నర్సుకి సాయం పట్టబోయాను. చేతులు వణికిపోయాయి. కత్తెర జారి కిందపడింది. ఎప్పుడూ అలా కాలేదు నాకు. ఇంట్లో నువ్వు మెలకువగా ఉంటావు. నా చేతులు అలా కొట్టుకోవడం చూస్తే నీకింక బతుకు లేదేమో అనుకుంటావని..."

"చెప్పడానికి నోరు లేదా?"

"ఏమని చెప్పాలో తెలీలేదు. ఇప్పుడూ తెలీడం లేదు."

నాకు అక్కడినుంచి తప్పుకోవాలని ఉంది. అక్క ఒక్కడుగు ముందుకి వేసి, బావ కుడిచెయ్యి పట్టుకుని, తన ఛాతీ మీద, ఆ చదునైనవైపు ఆనించుకుంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. ఒకావిడ నా చెవి దగ్గరకి వంగి, "ఇది కూడా ఇందులో భాగమేనా అండీ? దీనికేం పేరు పెట్టారు?" అని అడిగింది.

"మా అక్కా బావా అండీ" అన్నాను.

ఆవిడ చాలా గొప్ప విషయం విన్నట్టు తలూపింది. బావ చుట్టూ చూసి, సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యి లాక్కోబోయాడు. చెయ్యి గడగడా వణుకుతోంది, అందరికీ కనిపించేలా.

"వణకనివ్వండి" అంది అక్క, ఆ చెయ్యి వదలకుండా.