నెక్కరో

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మైపాడులో పుట్టి పెరిగినదాన్ని, అలాంటివి బోలెడు విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నెల్లూరులో నర్సింగ్ విద్యార్థినులకు ఇంగ్లీషు చెబుతున్నాను. నాకు ఎదురైంది కూడా ఒక ఇంగ్లీషు పాఠం వల్లే. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా నాయన చేపల వేటకు పోయేవాడు. వేట లేని రోజుల్లో ఉప్పుటేరు దగ్గర పడవ వేసి, గంపలతో అవతలి గట్టుకు పోయే ఆడవాళ్ళను దాటించేవాడు. "పడవనెక్కరో" అని ఆయన కేక. గాలికి మొదటి ముక్క కొట్టుకుపోయి మాకు "నెక్కరో" అని మాత్రమే వినపడేది. ఊరి పిల్లలందరం ఆయన్ని అలాగే వెక్కిరించేవాళ్ళం.

పడవలో బరువు ఎక్కువైతే ఎవరో ఒకరు దిగాలి. పరాయి ఆడవాళ్ళను దిగమంటే బాగుండదు కదా, అందుకని ప్రతిసారీ మా అమ్మనే దింపేవాడు. "మళ్ళీ ట్రిప్పుకి రా" అనేవాడు. ఆమె గొణుక్కుంటూ గంప ఎత్తుకుని దిగేది.

నాయన గుండెపోటుతో పోయి కొన్నేళ్ళయింది. అప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. షుగర్ ముదిరి మొన్న వేసవిలో ఆమె కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. డాక్టరు చూసి, "నెక్రోసిస్ అమ్మా. ఆ వేళ్ళు తీసేయాలి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు" అన్నాడు.

ఆపరేషన్ ఎప్పుడని నేను ఆయన్ని అడుగుతున్నాను. అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఇన్నావా అమ్మే? మీ నాయన పిలస్తా ఉండాడు. నెక్కరో అంటా ఉండాడు. ఎట్టా పోయేదాన్ని, కోయించుకొని పోవాల్నా?"

అది గ్రీకు మాట అని, నెక్రో అంటే శవం అని చెప్పాను. చెప్పాక నాలిక కరుచుకున్నాను. "అదే గదా నేననేది" అంది అమ్మ. ఎంత బతిమాలినా ఆపరేషన్ కి ఒప్పుకోలేదు. రోజులు గడిచేకొద్దీ నలుపు పాదం వైపు పాకుతోంది. నాకు అమ్మ తప్ప ఎవరూ లేరు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఆ వారం నా పాఠం కూడా ఆ మాటే కావడం నా ఖర్మ. అమ్మను వదిలి కాలేజీకి పోలేక, ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని పాఠాన్ని ఫోన్లో రికార్డు చేశాను. నెక్రోసిస్ అంటే ఒంట్లో కొంత భాగం చచ్చిపోవడం. నెక్రాప్సీ అంటే చచ్చిన జంతువును కోసి పరీక్షించడం. నెక్రోపోలిస్ అంటే శవాల ఊరు. ప్రతి మాటకు ముందు "నెక్రో" అని విడిగా పలికి ఆగాను. కిటికీ మూసి ఉంది, ఫ్యాన్ కూడా ఆపేశాను. అమ్మ ముందు గదిలో నిద్రపోతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

రికార్డు పంపిన కాసేపటికి ఒక విద్యార్థిని మెసేజ్ పెట్టింది: "మేడమ్, వెనకాల ఎవరో మగమనిషి ఎక్కమంటున్నాడు. బస్టాండులో ఉన్నారా?"

వీధిలో ఆటోవాడెవడో అరిచి ఉంటాడనుకుని నవ్వుకున్నాను. స్పీకర్ పెట్టి విన్నాను. నేను "నెక్రో" అని ఆగిన ప్రతిచోటా, ఎక్కడో దూరం నుంచి, గాలి హోరులో, "నెక్కరో" అని వినపడుతోంది. అది మా నాయన గొంతు. ఆ గొంతును వెక్కిరిస్తూ పెరిగినదాన్ని, నాకు తెలియదా? అమ్మ చెవిన పడితే ఇక ఆస్పత్రి మాట ఎత్తనివ్వదని, గబగబా ఆపబోయాను.

"ఆపబాక" అంది అమ్మ. గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఆపలేదు. శవాల ఊరు దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఫోనుకు దగ్గరగా వచ్చింది.

"మేయ్, బరువెక్కువైంది. నువ్వు దిగు. మళ్ళీ ట్రిప్పుకి రా."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. "సచ్చినా నన్నే దించతాడు సూడు" అని కొంగుతో మొహం తుడుచుకుంది. లేస్తూ, "రేపు పోదాం పా, ఆస్పత్రికి" అంది.

వేళ్ళు తీసేశారు. అమ్మ బతికింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. రికార్డు ఇంకా నా ఫోన్లో ఉంది. ఆటోవాడో, పక్కింటి టీవీనో అని నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. ఆ ట్రిప్పు మాట వాళ్ళకెలా తెలుసన్న దగ్గర ఆగిపోతాను.

ఆ సంగతి అమ్మ మళ్ళీ ఎత్తలేదు. కానీ రోజూ పడుకునే ముందు తన చెప్పులు వీధి వైపుకు తిప్పి, పక్కపక్కనే సర్ది పెడుతుంది. ఆమె నిద్రపోయాక నేను వాటిని ఇంట్లోకి తిప్పి పెడతాను. పొద్దున చూస్తే మళ్ళీ వీధి వైపే ఉంటాయి. అమ్మే లేచి తిప్పి ఉంటుందని అనుకుంటాను. అడగడానికి మాత్రం ఇంతవరకూ నోరు రాలేదు.