క్షమాపణ వేయని పత్రిక

మొన్న ఆసుపత్రి డ్యూటీ గదిలో ఒక నర్సు గోళ్ల రంగు సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన తగలగానే నేను మళ్లీ నంద్యాలలో, డాక్టర్ దేవదానం గారి ముందుగదిలో ఉన్నాను. సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద తప్పు పడితే దిద్దడానికి ఆయన పూసే ఎర్రటి ద్రవానిదీ అచ్చంగా అదే వాసన. ఆయన వేళ్ల చివర ఎప్పుడూ ఆ ఎరుపు ఉండేది. రోగులు అదేదో మందు మరక అనుకునేవారు.

డెబ్బైల చివర నేను ఆళ్లగడ్డలో ప్రభుత్వ డాక్టరమ్మని. ఆయన నంద్యాలలో సొంతంగా చిన్న ఆసుపత్రి నడిపే సర్జను. నెలనెలా ఇనుప కలంతో మైనపు స్టెన్సిల్ కాగితం మీద రాసి, సైక్లోస్టైల్ యంత్రం మీద కాపీలు తీసి, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, డోన్ దాకా ఆపరేషన్లు చేసే డాక్టర్లందరికీ ఒక చిన్న పత్రిక పంపేవారు. కొత్త ఆపరేషన్ పద్ధతులు, ఎవరికి ఎక్కడికి బదిలీ అయింది, శిక్షణ పరీక్షలు ఎప్పుడు, చివరి పేజీలో డాక్టర్ల అభిరుచులు. డోన్ సర్జను పావురాలు పెంచుతాడనీ, కోయిలకుంట్ల ఆయన హార్మోనియం వాయిస్తాడనీ ఆ పేజీ వల్లే నాకు తెలిసింది. నా వంతు వచ్చినప్పుడు, నాకే అభిరుచీ లేదు, వీలు దొరికితే నిద్రపోతానని చెప్పాను. ఆయన నవ్వకుండా ‘నిద్ర’ అనే రాశారు. చిన్న ఊర్లో ఆపరేషన్లు చేసేవాడు ఒంటరినని అనుకోకూడదని, అందుకే ఈ పత్రిక అని ఆయన అనేవారు.

శస్త్రచికిత్సలో శిక్షణ ముగించుకుని నేను సర్జన్ పరీక్షకు పట్నం వెళ్లాను. రోగిని పరీక్షించి కేసు చెప్పబోతే పరీక్షకుడు విననేలేదు. కుట్లు వేయాలనుంటే ఇంట్లో కుట్టుమిషను ఉంటుంది కదా అని పక్కాయనతో అని, ఇద్దరూ నవ్వుకుని, నన్ను పంపేశారు. ఫెయిల్ చేశారు. తిరుగు బస్సు నంద్యాలలో ఆగితే ఆళ్లగడ్డ బస్సెక్కకుండా నేరుగా దేవదానం గారి దగ్గరికి వెళ్లాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన కలం తీశారు.

“ఆయప్ప ఏమన్నాడో అట్లే చెప్పు. ఒక మాట కలపొద్దు, ఒక మాట తీయొద్దు.”

చెప్పాను. రాయడం అయ్యాక తలెత్తి చూశారు.

“పరీక్షల వార్తల్లో ఏస్తా. నీ పేరుతోనే. పేరు లేకుంటే పుకారంటారు. వద్దంటే ఇప్పుడే చెప్పమ్మా.”

నేను మళ్లీ ఆ పరీక్షకుల బల్ల ముందే నిలబడాల్సిన మనిషిని. ఇక ఎప్పటికీ పాస్ కానివ్వరేమోనన్న భయం లేకపోలేదు. కానీ ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. వేయమన్నాను.

పత్రిక అందిన కొన్నాళ్లకు సర్జన్ల సంఘం పెద్దలు ఇద్దరు కారులో ఆయన దగ్గరికి వచ్చారు. నన్నూ పిలిపించారు. వచ్చే సంచికలో క్షమాపణ పడాలనీ, లేకపోతే ఆయన్ను సంఘం నుంచి తీసేస్తామనీ, నేను పరీక్ష సంగతి మరిచిపోవచ్చనీ మర్యాదగానే చెప్పారు. దేవదానం గారు టీ తెప్పించి ఇద్దరికీ ఇచ్చారు.

“తప్పు రాసింటే ఏది తప్పో చూపించండప్పా, దిద్దుతా. నిజం రాసినందుకు క్షమాపణ యాడ నుంచి తేవాల?”

తరువాతి సంచికలో అభిరుచుల పేజీ ఎత్తేసి, ఆ చోట అదే వార్తను అక్షరం మార్చకుండా మళ్లీ వేశారు. సంఘం ఆయన పేరు కొట్టేసింది. కొందరు పత్రిక విప్పకుండానే తిప్పి పంపారు. కొందరు ఆయన దగ్గరికి రోగులను పంపడం మానేశారు. కానీ డోన్ సర్జను ఒక ఆదివారం రైలెక్కి వచ్చి, మాతో కూర్చుని కాగితాలు మడతపెట్టాడు. ఆ తరువాత వేరే ఊరి డాక్టరమ్మ ఒకరు తనకూ అలాగే జరిగిందని పేరుతో సహా రాసి పంపింది. అదీ అచ్చయింది. మరుసటి పరీక్షకు నేను వెళ్లేసరికి బల్ల అవతల వేరే మనుషులున్నారు. నా కేసు ఆఖరిదాకా విన్నారు. పాసయ్యాను. సంఘం మాత్రం ఆయన్ను మళ్లీ చేర్చుకోలేదు. ఆయనా అడగలేదు. ఎనభైల మధ్యలో చెయ్యి వణికి ఆపరేషన్లు మానుకున్నాక కూడా, ఆయన చెబుతుంటే నేను రాసి పత్రిక నడిపాం.

ఆయన పోయిన చాలా ఏళ్లకు నేనే పరీక్షకురాలిగా కూర్చున్నాను. ఒక అమ్మాయి కేసు మొదలుపెట్టిందో లేదో, నా పక్కనున్న తోటి పరీక్షకుడు, ఈమె పెళ్లయ్యాక కత్తి పట్టుకునేది వంటింట్లోనేగా అని నవ్వాడు.

“ఆ మాట ఇంకోసారి అనండప్పా. అట్లే రాసుకుంటా, మీ పేరుతో” అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను ఆ అమ్మాయి వైపు తిరిగి, మొదటి నుంచి చెప్పమన్నాను.