ఆవిడ గాజులు

మా ఆయన చనిపోయిన ఏడాది, మా దీవుల్లో చాతం రేవు నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ ఎక్కాను. పక్కన కూర్చున్న ఆవిడ నా బోసి చేతులు చూసి, గాజుల చెయ్యి నా ముందు చాపింది.

"దీదీ, ఇవి నువ్వు పగలగొట్టీ. మనోళ్లలో ముండమోసినోళ్లే కదా కొట్టాల."

"మొగుడు పోయాడేటి?"

"మొగుడు కాదు, నాలాటి ఆడదే. దీపం ముందు దండలు మార్చుకున్నాం, పద్దెనిమిదేళ్లు కాపురం చేసినాం. జొరమొచ్చి పోయింది. పదోరోజున గాజులు తీయించుకోడానికి ఎల్తే, దాని అన్నలు 'నువ్వెవులివి' అని గెంటీసినారు."

"ఛీ, అదేటి కాపురమే!" అని దూరం జరిగాను.

ఆవిడ తన చేతిని తానే ఇనుప కమ్మీకేసి కొట్టుకుంది. గాజులు పగిలి మణికట్టు చీరుకుపోయింది.

నా గాజులు కొట్టినప్పుడు నలుగురు నన్ను పొదివి పట్టుకున్నారు. ఆవిడను పట్టుకోడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. పట్టుకోలేదు.