బానెట్టు మీద రొట్టెల డబ్బా

డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ మా ఆయన చల్లటి రొట్టె తిని ఎరగడు. సండూరు కొండల్లో కొట్టిన దుంగల్ని కిందికి, టింబరు డిపోకి పట్టాల మీద దించే చిన్న డీజిల్ రైలింజను ఆయనది. బస్సంత పొడుగు కూడా ఉండదు గానీ కూత వేస్తే ఊరంతా వినబడేది. బానెట్టు మీద, పొగగొట్టం పక్కన ఒక ఇనప పట్టీ ఉండేది. పొద్దున్నే నేను కట్టిచ్చిన సత్తు డబ్బాని దాంట్లో ఇరికించేవాడు. దుంగల బండ్లు లాక్కుని కిందికి వచ్చేసరికి జొన్నరొట్టె అప్పుడే పెనం మీంచి తీసినట్టు ఉండేదట. వంకాయ కూరకి మాత్రం కాస్త డీజిల్ వాసన పట్టేది. దుంగలకు గొలుసులు కట్టే కూలీలు ఆటపట్టించేవాళ్ళు.

"ఏమప్పా, మీ ఇంట్లో తిరగవాత డీజిలుతోనే ఏస్తారా ఏంది?"

"మీ ఇండ్లల్లో అదీ ల్యాకనే కదప్పా, నా డబ్బా పక్కన చేరతాండారు!" అనేవాడు.

తర్వాత అడవిలో చెట్లు కొట్టడం ఆగిపోయింది, డిపో మూసేశారు. ఆఖరి రోజు ఇంజన్ను షెడ్డులో ఆపింది ఆయనే. మామూలు రోజే అనుకుని ఆపి ఇంటికొచ్చాడు. ఇక తోలే పని లేదని మర్నాడు చెప్పారు. "అదే ఆఖరని తెలిసుంటే ఇంగొంచెం మెల్లగా తోలుకోనొచ్చేవాణ్ని గదే" అని ఎన్నిసార్లు అన్నాడో. ఒక్కసారి, ఒక్క నాలుగు గజాలైనా మళ్ళీ తోలాలని ఆయన ఆశ.

ఈ మధ్య ఆ ఇంజన్ను బాగు చేసి పార్కులో పెడతామని కొందరు పూనుకున్నారు. ఆ పని చూసే ఇంజనీరు, కన్నడ కుర్రవాడు, సత్యనారాయణపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆయన్ని పిలుచుకుపోయాడు. ఇక చూడాలి, మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో! రోజూ ఆటో ఎక్కి పోవడం, తుప్పు గీకడం, బ్రేకు చక్రానికి గ్రీసు పెట్టడం, నల్లటి చేతులతో ఇంటికి రావడం. బానెట్టు కింద ఉండే మోటారును టెంపోలో ఎక్కించుకుని పోయారని ఒక రోజు చెప్పాడు.

"యాడికి తీసకపోయినారు?"

"రిపేరికేమో."

"ఏమో ఏంది? మళ్ళా తెస్తారా ల్యాదా అని అడగగూడదా?"

"అడిగితే ల్యాదంటారేమోనే."

నేనూ రెట్టించలేదు.

ప్రారంభం రోజు పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. "డబ్బా కట్టియ్యే" అన్నాడు. అటక మీంచి సత్తు డబ్బా దించి, తోమి, రొట్టెలు, వంకాయ కూర పెట్టాను. పార్కులో కొత్త రేకుల పందిరి నీడన ఇంజను పచ్చ రంగుతో పెండ్లికొడుకు మాదిరి ఉంది. ఆయన నేరుగా పోయి డబ్బాని పట్టీలో ఇరికించి, క్యాబులోకి ఎక్కి కూర్చున్నాడు. రిబ్బను కత్తిరించారు. కూత వినబడింది, స్తంభానికి కట్టిన స్పీకరులోంచి. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యి గేరు మీదే ఉంది.

ఇంజనీరు దగ్గరికొచ్చాడు. "చెన్నాగిదె కదా అజ్జా? పిల్లోళ్ళు ఎక్కతారని మోటారు వాపస్ పెట్టలేదు. మీకెవరైనా చెప్పింటారనుకున్యా."

"బాగుండాదప్పా. రంగు శానా బాగుండాది" అన్నాడు మా ఆయన.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అడిగితే చెప్పేవాడే. మోటారు ఊడదీయక ముందే అడిగి ఉంటే, బతిమాలి ఉంటే, ఆ నాలుగు గజాలు తోలనిచ్చేవాళ్ళేమో. ఈ మాట ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

జనం వెళ్ళిపోయాక ఇంజను మెట్టు మీద కూర్చున్నాం. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, చెయ్యి కాలకుండా దాంతో డబ్బాని పట్టుకుని దించాడు. అంతలోనే గుర్తొచ్చినట్టుంది. తువ్వాలు మెల్లగా విప్పి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక రొట్టె నా చేతికిచ్చి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"కూర బాగుండాదే" అన్నాడు. "ఉత్త వంకాయ వాసనే వస్తాండాది."